పున్నారావు చెవిలో పిడుగు

తెల్లవారుతుండగా పున్నారావు చెవిలో ఎవరో నడిచారు.

మొదట కల అనుకున్నాడు. నైట్ హాల్ట్ ఊళ్లో తను తోలే బస్సు పక్కన నులక మంచం వాల్చుకుని పడుకున్నాడు. మంచానికి అటువైపు గేదెల కొట్టం. అలాంటి చోట కలలోకి ఎవరైనా వచ్చి నడవొచ్చు. కళ్లు తెరిచాడు. నడక ఆగలేదు. ఎడమ చెవిలో, బాగా లోపల, ఎండుటాకుల మీద దున్నపోతు తిరుగుతున్నట్టు గరగరమంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఆపైన ఎవరో లోపలి గోడకు మేకు దిగ్గొట్టినట్టు చురుక్కుమంది.

కండక్టరు జోజి ఫోను లైటు వేసి చెవిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏంట్రా, ఏం కనపడతంది?"

"పిడుదు గురూ. తల లోపలికి పెట్టి ఎనక కాళ్లు ఆడిస్తంది. నీ చెవి దానికి బాగా నచ్చినట్టుంది."

"తియ్యరా అయితే."

"నా గోళ్లకు అందదు. పుల్ల పెడితే ఇంకా లోపలికి పోద్ది. గేదెల పక్కన పడుకుంటే పిడుదు కాక పీతాంబరం వస్తదా?"

పశువు తోలు పట్టుకుని నెత్తురు తాగి, ఆవగింజంతది కందిగింజంత అయ్యేదాకా వదలని పురుగు పిడుదు. గేదెకైతే తోలుకోవడానికి తోక ఉంది. పున్నారావుకు ఆ సదుపాయం లేదు.

అది ఇంకే రోజు జరిగినా ఇంత కథ అయ్యేది కాదు. ఆ సాయంత్రం డిపో ఆఫీసు మూసేలోగా, 'ఇతని చెవులు సరిగా ఉన్నవి' అని జిల్లా పెద్దాసుపత్రి ఇచ్చిన కాగితం పున్నారావు తెచ్చి చూపించాలి. నలభై అయిదు దాటిన డ్రైవర్లందరికీ అదే నిబంధన. తేలేనివాళ్లకు మర్నాటి నుంచి స్టీరింగు ఉండదు. గ్యారేజీలో బస్సులు కడగాలి. పున్నారావు పెళ్లి కాకముందు నుంచి బస్సు తోలుతున్నాడు. భార్య సమ్మక్క ఎప్పుడైనా పుట్టింటికి వెళితే తట్టుకున్నాడు గాని, స్టీరింగు పుట్టింటికి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు.

తిరుగు ప్రయాణంలో జోజి "హోల్డాన్" అని అరిచినా పున్నారావుకు గరగరే వినిపించింది. దిగాల్సినవాళ్లు పై ఊళ్లో దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని, పున్నారావు వంశాన్ని పేరుపేరునా తలుచుకుంటూ వెనక్కి నడిచారు. ఆ తిట్లు కూడా అతనికి కుడి చెవిలోనే పడ్డాయి.

బస్సును డిపోలో పెట్టి, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాడు.

పెద్దాసుపత్రిలో శ్రవణి ఉంది.

శ్రవణి మనిషి కాదు. రోగులు చెప్పేదొకటీ గుమస్తాలు రాసేదొకటీ అవుతోందని పై అధికారి ఒకాయన ఏదో సదస్సులో బాధపడ్డాడు. ఆ బాధకు మందుగా ఈ యంత్రం వచ్చింది. బీరువా అంత ఎత్తు. ముఖం ఉండాల్సిన చోట తెర. తెర కింద చిల్లులున్న ఇత్తడి బిళ్ల. ఆ బిళ్లే దాని చెవి. రోగి వచ్చి ఆ చెవిలో బాధ చెప్పుకోవాలి. శ్రవణి విని, రోగం పేరు రాసుకుని, ఏ గదికి పోవాలో, ఏ మందు వాడాలో, ఏ తలుపు తెరవాలో అదే చూసుకుంటుంది. వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'మనిషి పొరపడతాడు. శ్రవణి వింటుంది.' దాని కింద చిన్న అక్షరాలతో: 'శ్రవణి నమోదు చేసిన మాటను మార్చుట, చెరుపుట, అనుమానించుట నిషేధం.'

అంతకుముందు అక్కడ కూర్చుని చీటీలు రాసిన కోటిలింగానికి ఇప్పుడు శ్రవణి సహాయకుడని హోదా ఇచ్చారు. పసుపు గుడ్డతో ఇత్తడి బిళ్ల తుడవడం అతని పని.

"మీ బాధ చెప్పండి," అంది శ్రవణి. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్ల గొంతులా ఉంది.

"ఎడమ చెవిలో పిడుదు దూరిందండి."

శ్రవణి కాసేపు ఆలోచించింది. దానికి తెలుగు నేర్పినవాళ్లు ఏదో మహానగరంలో అద్దాల మేడలో కూర్చుని నేర్పారు. ఆ మేడలోకి గేదె రాదు. గేదె రాని చోటికి పిడుదు రాదు. పిడుదు రాని చోటికి ఆ మాట కూడా రాదు. కాబట్టి తనకు వచ్చిన మాటల్లో దీనికి దగ్గరి చుట్టాన్ని వెతికి పట్టుకుంది.

"ఎడమ చెవిలో పిడుగు. నమోదైంది. ధన్యవాదాలు."

"పిడుగు కాదండి. పిడుదు."

"మరో పిడుగు. నమోదైంది. మొత్తం రెండు పిడుగులు."

పున్నారావు మళ్లీ నోరు తెరవబోతే కోటిలింగం పసుపు గుడ్డ అడ్డం పెట్టాడు.

"వద్దు బాబూ. నువ్వు ఎన్నిసార్లు చెబితే అన్ని పడతాయి. మొన్నొకాయన 'కాలు బెణికింది' అన్నాడు. 'కాలు వణికింది' అని రాసుకుంది. కాదు కాదు అని ఇంకో రెండుసార్లు చెప్పాడు. మూడు కాళ్లూ వణుకుతున్నాయని నరాల వార్డులో వేశారు."

"మూడు కాళ్లేంటండీ?"

"మేమూ అదే అడిగాం. మూడోది వెతుకుతున్నారు."

ఈలోగా ఆసుపత్రి అంతా ఎర్ర దీపాలు వెలిగాయి. శ్రవణి గొంతు అన్ని గదుల్లోనూ మోగింది. "పిడుగు హెచ్చరిక. కిటికీలకు దూరంగా ఉండండి. చెట్ల కింద నిలబడకండి." ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆవరణలో వేపచెట్టు నీడన కూర్చున్న రోగులందరినీ వాచ్‌మన్ లేపి, భద్రత కోసం ఎండలో నిలబెట్టాడు.

*

చెవి, ముక్కు, గొంతు డాక్టరు పేరు ఇందుకుమారి. ఆమె పున్నారావు చెవిలోకి చూసి నవ్వింది.

"పిడుదు. రెండు నిమిషాల పని. కదలకుండా కూర్చోండి."

పున్నారావుకు ప్రాణం లేచి వచ్చింది. "చెవి బాగుందని కాగితం కూడా ఈ రోజే కావాలండి. సాయంత్రంలోగా డిపోలో ఇవ్వాలి."

"ముందు దీన్ని బయటికి రానివ్వండి. కాగితం ఎంతలో పని."

ఆమె లేచి పరికరాల బీరువా దగ్గరికి వెళ్లింది. ఆ బీరువాకు తాళం ఉంది, చెవి లేదు. చెవి శ్రవణి దగ్గర ఉంది. రోగి పేరు చెబితే, ఆ రోగానికి తగిన సొరుగు దానంతట అదే తెరుచుకుంటుంది. పున్నారావు పేరు చెప్పగానే ఒక సొరుగు తెరుచుకుంది. అందులో కాలిన గాయాలకు రాసే మలాము, ఒక టార్చిలైటు, ఒక జత రబ్బరు బూట్లు ఉన్నాయి.

"ఫోర్సెప్స్ కావాలి," అంది డాక్టరు.

"పిడుగుకు ఫోర్సెప్స్ వర్తించవు," అంది శ్రవణి.

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "మేడం, పూర్వం మన ఇళ్లల్లో దాన్ని శ్రావణం అనేవాళ్లు. ముల్లు తీసుకునే శ్రావణం. తెలుగులో అడిగితే ఇస్తుందేమో."

డాక్టరు ఒక నిట్టూర్పు విడిచి, స్పష్టంగా, "శ్రావణం కావాలి," అంది.

"శ్రావణం రావడానికి ఇంకా సమయం ఉంది," అంది శ్రవణి. "ప్రస్తుతం వైశాఖం నడుస్తోంది. దయచేసి తొందరపడకండి."

దొరికిన పుల్లతో కెలికితే కర్ణభేరి చిరుగుతుంది. అప్పుడు స్టీరింగు సంగతి అలా ఉంచి, సొంత బస్సు హారను కూడా వినపడదు. డాక్టరు ఏం చేయాలో ఆలోచిస్తుండగా సూపరింటెండెంటు సర్వోత్తమరావు లోపలికి వచ్చారు. ఆయన ఏ గదిలోకి వచ్చినా శంకుస్థాపనకు వచ్చినట్టే వస్తారు.

"పిడుగు రోగి వీరేనా? సంతోషం. మన ఆసుపత్రి చరిత్రలో చెవిలో పిడుగు పడిన మొట్టమొదటి కేసు. రెండు పిడుగులు ఉండటం అదనపు గౌరవం."

"సార్, అది పిడుగు కాదు. పిడుదు. పశువులకు పడుతుందే, ఆ పురుగు."

"పిడుదు అనే మాట నేను వినలేదు డాక్టరు గారూ. శ్రవణి కూడా వినలేదు. మా ఇద్దరమూ విననిది లోకంలో ఉండే అవకాశం ఎంత?"

"మీరే చూడండి సార్. కాళ్లు కనిపిస్తున్నాయి."

"నేను చూడను. చూసి నిర్ధారించే పద్ధతి పోయిన సంవత్సరమే రద్దయింది. ఇప్పుడు విని నిర్ధారిస్తున్నాం."

పున్నారావు లేచి నిలబడ్డాడు. "అయ్యా, నాకు వైద్యం వద్దు, ఏమీ వద్దు. బయట ఇంకెక్కడైనా తీయించుకుంటాను."

"చెవిలో రెండు పిడుగులు పెట్టుకుని జనం మధ్యకు వెళతారా?" సర్వోత్తమరావు మందలింపుగా చూశారు. "పౌర బాధ్యత ఉండాలి పున్నారావు గారూ. విపత్తుల విభాగం వారు దారిలో ఉన్నారు."

*

విపత్తుల విభాగం అధికారి చక్రధరం జీపులో వచ్చాడు. వెనక ట్రాలీలో నాలుగు బస్తాల ఉప్పు, నాలుగు బస్తాల బొగ్గు, ఒక చుట్ట రాగి తీగ ఉన్నాయి. అతను చెవి దగ్గరికి రాలేదు. పది అడుగుల దూరం నుంచే దాన్ని గౌరవంగా పరిశీలించాడు.

"పిడుగు లక్షణం ఏమిటి? ఆకాశం నుంచి బయలుదేరి భూమిలోకి పోవడం. ఇది పోలేదు. మధ్యలో ఆగింది. అంటే ప్రయాణం అసంపూర్ణం. దాన్ని పూర్తి చేయించడం మా విభాగం విధి."

"ఎలాగండీ?" అన్నాడు పున్నారావు.

"మిమ్మల్ని ఎర్తింగ్ చేస్తాం."

"నన్నా?"

"భవనాలకు చేయడం లేదా? మీరూ నిలువుగానే ఉన్నారు. రెండో పిడుగు ఎక్కడుంది?"

"రెండోది లేదండి. నేను రెండుసార్లు చెప్పానంతే."

చక్రధరం సహాయకుడి వైపు తిరిగి, "రెండో పిడుగు పరారీలో ఉన్నట్టు రాసుకో," అన్నాడు.

ఆవరణ మధ్యలో గొయ్యి తవ్వారు. ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేసి తొక్కారు. రాగి తీగ ఒక కొస గోతిలో పాతి, రెండో కొస పున్నారావు ఎడమ చెవి తమ్మెకు మూడు చుట్లు చుట్టారు. గోతిలో నీళ్లు పోస్తూ ఉండాలని వాచ్‌మన్‌కు ఆజ్ఞ అయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పున్నారావు పొలంలో దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. పిడుదు మాత్రం చల్లగా లోపల కూర్చుని భోజనం చేస్తోంది.

జోజి కబురు చెప్పి సమ్మక్కను ఆటోలో వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నది అవతలి ఊళ్ల మనిషి. గేటు దగ్గరే ఆగి మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏందయ్యా గిది? మేకను కట్టేసినట్టు కట్టేసిన్రు?"

"చెవిలో పిడుగు పడిందంటన్నారే."

"పిడుగు వడితే నువ్వుండేటోనివా? ఏది, ఇటు తిరుగు." చెవి పట్టుకుని వంచి చూసింది. "గోమారి. గింత దానికి గంత తీగెనా? మా నాయన బర్రెలకు దినాం తీస్తుండె."

"చెబితే వినరే. ఆ యంత్రం ఏం రాస్తే అదేనంట."

"నువ్వు నీ ఆంధ్ర మాట చెప్పినవు, దానికి సమజ్ గాలె. నేను చెప్తనుండు."

కోటిలింగం ఆపేలోపే సమ్మక్క వెళ్లి ఇత్తడి బిళ్లకు నోరు ఆనించింది.

"ఇగో పిల్లా, పిడుగు లేదు, మన్ను లేదు. మా ఆయన చెవుల గోమారి ఉన్నది. జెర తీపియ్యి."

శ్రవణి ఆలోచించింది. ఈసారి ఎక్కువసేపు ఆలోచించింది.

"చెవిలో కుమారి. నమోదైంది. పోలీసులకు సమాచారం అందించబడింది. అమ్మాయిలకు భద్రత మన బాధ్యత."

*

ఎస్సై పేరు దుర్గాప్రసాద్. ఇద్దరు కానిస్టేబుళ్లతో, ఒక మహిళా కానిస్టేబుల్‌తో వచ్చి పున్నారావు చుట్టూ నిలబడ్డాడు.

"అమ్మాయిని ఎప్పుడు బంధించావు?"

"ఏ అమ్మాయండీ?"

"చెవిలో ఉన్న అమ్మాయి. కుమారి."

"అయ్యా, చెవిలో అమ్మాయి ఎలా పడుతుందండీ?"

"ప్రశ్నలు నేను అడగాలి. ఎలా పట్టించావో నువ్వు చెప్పాలి."

డాక్టరు ఇందుకుమారి మెట్లు దిగి పరుగున వచ్చింది. "ఎస్సై గారూ, ఆగండి. అది కుమారి కాదు."

ఎస్సై ఆమె కోటు మీద ఉన్న పేరు చదివాడు. ఇంకోసారి చదివాడు. స్వరం తగ్గించాడు.

"కుమారి మీరే కదా మేడం. భయపడకండి. మీరు బయటికి ఎప్పుడొచ్చారు?"

"నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదు."

"షాకులో ఉన్నారు," అని మహిళా కానిస్టేబుల్‌కు చెప్పాడు. "మంచినీళ్లు ఇప్పించు. లోపల ఇంకెవరైనా మిగిలారేమో చూద్దాం." అతను వంగి, పున్నారావు చెవిలోకి మెల్లగా, "అమ్మా, మేం వచ్చాం. వినపడుతుంటే ఏదైనా సంకేతం ఇవ్వు," అన్నాడు.

మగగొంతు వేడి గాలి తగిలి పిడుదు కాళ్లు సర్దుకుంది. పున్నారావు "అబ్బా" అని మెలికలు తిరిగాడు.

"స్పందిస్తోంది," అన్నాడు ఎస్సై.

చక్రధరం అడ్డం వచ్చాడు. "ఈ చెవి మా అధీనంలో ఉంది. పిడుగు దిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"ఆడపిల్ల ఉన్న చోట కరెంటు తీగ కడతారా? మీ మీదే కేసు పెట్టాలి."

"ముందు పడింది పిడుగు. కుమారి తర్వాత వచ్చింది."

"పిడుగు పడిన చోటికి ఆడపిల్లను ఎలా రానిచ్చారు?"

సర్వోత్తమరావుకు ఇలాంటి ఘట్టాల్లోనే తేజస్సు వస్తుంది. ఆయన ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్లి, జీడిపప్పు పెట్టించి, సంయుక్త కమిటీ వేశారు. మధ్యాహ్న భోజనం ముగిశాక కమిటీ బయటికి వచ్చింది. ఆయన మెట్ల మీద నిలబడి తీర్మానం వినిపించారు.

"చెవి తమ్మె, రంధ్రం బయటి ప్రాంతం విపత్తుల విభాగానికి చెందును. రంధ్రం నుంచి కర్ణభేరి వరకు పోలీసు శాఖకు చెందును. కర్ణభేరి సరిహద్దు. ఉభయ శాఖలకూ ఒకేసారి పరిశీలనకు వీలుగా సదరు చెవిని ఈ సాయంత్రమే రాజధానికి తరలించవలెను."

"చెవినా?" అంది సమ్మక్క.

"వీలైతే మనిషితో సహా," అన్నారు సర్వోత్తమరావు. "మనిషి వెంట వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు. అయితే ప్రయాణ ఏర్పాటు చెవికి మాత్రమే ఉంది. విడదీయడం గురించి నిపుణులు ఆలోచిస్తున్నారు."

పున్నారావు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఉన్న నెత్తురు పిడుదు దగ్గర ఉంది.

"సమ్మక్కా," అన్నాడు చిన్నగా. "స్టీరింగు పోతే పోయింది. బస్సులు కడుక్కుంటానులే. రెండు చెవులుంటే చాలు."

సమ్మక్క డాక్టరు చెయ్యి పట్టుకుని వేపచెట్టు వెనక్కి లాక్కుపోయింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. గా యంత్రానికి మా ఆయన మాట తెల్వది, నా మాట తెల్వది. మరి దాని తల్లిభాష ఏంది?"

"చేసినవాళ్లు ఇంగ్లీషువాళ్లకు పని చేసేవాళ్లమ్మా."

"అట్ల జెప్పు. ఇంగ్లీషు మీడియం పిల్ల. గోమారిని ఇంగ్లీషుల ఏమంటరో గది చెప్పిరా పో. జల్ది."

డాక్టరుకు తల మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది. పొద్దుట్నుంచి ఇది తనకు ఎందుకు తట్టలేదో తెలియలేదు. ఎర్తింగ్ తీగ దాటుకుని లోపలికి వెళ్లింది. ఇత్తడి బిళ్ల ముందు నిలబడి, కాలేజీలో వైవాకు జవాబు చెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"పున్నారావు. ఎడమ చెవి. టిక్."

శ్రవణి ఈసారి ఆలోచించనే లేదు. తనకు బాగా తెలిసిన మాట దొరికిన ఆనందం ఆ గొంతులో వినిపించింది.

"పున్నారావు. ఎడమ చెవి. టిక్. నమోదైంది."

తెర మీద ఎడమ చెవి అన్న చోట ఒక పచ్చటి గుర్తు వెలిగింది. బడిలో పంతులు సరైన లెక్క పక్కన పెట్టే గుర్తు. కోటిలింగం దాన్ని తేరిపార చూశాడు.

"మేడం, ఇది రైటు కొట్టింది."

పున్నారావు ఎడమ చెవి సరిగా ఉన్నట్టు శ్రవణి నిర్ధారించింది. సరిగా ఉన్న చెవిలో పిడుగు ఉండదు. కుమారి ఉండదు. ఎర్ర దీపాలు ఆరిపోయాయి. ఒకదాని వెంట ఒకటి తలుపులు తెరుచుకున్నాయి. శ్రవణి అడుగున ఉన్న సందులోంచి ఒక కాగితం సగం బయటికి వచ్చి ఆగింది. "కుడి చెవి వివరం చెప్పండి," అని అడిగింది.

డాక్టరు ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. ఎవరూ రావడం లేదు.

"కుడి చెవి. టిక్," అంది.

మిగతా కాగితం కూడా వచ్చింది. 'ఇతని చెవులు సరిగా ఉన్నవి.' కింద రెండు పచ్చటి గుర్తులు, ఆసుపత్రి ముద్ర.

*

ఆవరణలో అందరూ సంతోషించారు. చక్రధరం రాగి తీగ విప్పించాడు. "చూశారా, పిడుగు దిగిపోయింది. నాలుగు బస్తాల ఉప్పు ఊరికే పోదు," అన్నాడు. ఎస్సై దుర్గాప్రసాద్ డాక్టరుకు సెల్యూట్ చేసి, కుమారి క్షేమంగా విడుదలైనట్టు పైకి ఫోను చేశాడు. సర్వోత్తమరావు పున్నారావుతో కరచాలనం చేసి, "శ్రవణి మీకు నయం చేసింది. ఒక్క మందు బిళ్ల కూడా ఖర్చు కాలేదు," అన్నారు.

"అయ్యా, అది ఇంకా లోపలే ఉందండి," అన్నాడు పున్నారావు.

"ఏది?"

పున్నారావు నోరు తెరిచాడు. సమ్మక్క అతని కాలు తొక్కింది. నోరు మూశాడు.

లోపలికి వెళ్లి చూస్తే పరికరాల బీరువాలో ఒక్క సొరుగూ తెరుచుకోలేదు. రబ్బరు బూట్లు కూడా రాలేదు. ఆరోగ్యంగా ఉన్న చెవిని ముట్టుకోవడం అనవసర చికిత్స అని, అందుకు శిక్ష ఏమిటో కూడా శ్రవణి చదివి వినిపించింది.

"రండి, టీ తాగుదాం," అంది డాక్టరు.

గేటు బయట టీకొట్టు బల్ల మీద పున్నారావును పక్కకు పడుకోబెట్టారు. గేటు దాటితే శ్రవణికి వినపడదు. సమ్మక్క బొడ్లోంచి తాళాల గుత్తి తీసింది. గుత్తికి రెండు తాళంచెవులు, గుబిలి తీసే పుల్ల, వాళ్లమ్మ నాటి ఇత్తడి శ్రావణం వేలాడుతున్నాయి. టీకొట్టు ఆయన స్టవ్ మీద మరుగుతున్న నీళ్లు పోసి దాన్ని కడిగిచ్చాడు, తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా కూడా తెచ్చాడు. జోజి ఫోను లైటు పట్టాడు. డాక్టరు రెండు చుక్కల నూనె వేసి, శ్రావణం మొన లోపలికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, తిన్నగా లాగింది.

వచ్చింది. కందిగింజంత ఉంది. నూనెలో మునిగినా చావలేదు. కాళ్లు ఆడిస్తూ, నన్నెందుకు లేపారన్నట్టు ఉంది.

పున్నారావు లేచి కూర్చున్నాడు. రోడ్డు మీద లారీ పోయింది. టీ మరిగింది. ఎక్కడో కాకి అరిచింది. అన్నీ రెండు చెవుల్లోనూ సమానంగా పడ్డాయి. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తున్నవా?" అంది సమ్మక్క.

"లేదే. నీ గొంతు ఇంత పెద్దదని మర్చిపోయాను."

"ఇంటికి పోయినంక ఇంకా గుర్తు చేస్త. ముందు డిపోకు ఉరుకు."

జోజి, పున్నారావు ఒకే ఆటోలో ఉరికారు. డిపో మేనేజరు బల్ల సొరుగుకు తాళం వేయబోతుండగా కాగితం అతని ముందు పడింది. మేనేజరు రెండు పచ్చటి గుర్తులనూ వేలితో తడిమి చూసి, "రైట్ రైట్," అన్నాడు.

ఇటు గేటు బయట డాక్టరు పిడుదును పారేయడానికి చెత్తబుట్ట కోసం వెతుకుతుంటే సమ్మక్క ఆపింది. టీకొట్టు ఆయన దగ్గర ఖాళీ అగ్గిపెట్టె అడిగి తీసుకుంది. పిడుదును అందులో వేసి మూసింది.

"దాన్నేం చేస్తావమ్మా?"

"మా ఆయన చెవి బాధ ఎట్లుంటదో పొద్దుగాల్లకెల్లి చెప్తున్నం, గా పిల్ల ఇంటలేదు. చెప్తే సమజ్ గాకుంటే చూపెట్టాలె గదా."

ఆమె లోపలికి వెళ్లి తిరిగి వచ్చేసరికి అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. కోటిలింగం అంతసేపూ గోడ మీద రాసిన నినాదాన్ని చాలా శ్రద్ధగా చదువుతున్నాడు. ఆ సాయంత్రం ఇత్తడి బిళ్లను తుడవనూ లేదు.

*

మర్నాడు పొద్దున్నే మొదటి రోగి వచ్చి, "దగ్గు," అన్నాడు.

"గరగర. నమోదైంది," అంది శ్రవణి.

రెండో రోగి మోకాలి నొప్పి అన్నాడు. "గరగర. నమోదైంది." మూడో ఆమెకు కాన్పు నొప్పులు. "గరగర. ధన్యవాదాలు." కాసేపటికి ఎవరూ రాకుండానే, ఎవరూ మాట్లాడకుండానే, "గరగర. గరగర. చురుక్కు. నమోదైంది," అని తనలో తనే రాసుకోవడం మొదలుపెట్టింది. గరగర వార్డు అంటూ లేకపోవడంతో రోగులందరినీ శవాల గదికి పంపింది. వాళ్లు నడిచి వెళ్లి, అక్కడ చల్లగా ఉందని కూర్చున్నారు.

సర్వోత్తమరావు పరుగున వచ్చారు. చూసి నిర్ధారించే పద్ధతి రద్దయిందన్న సంగతి మర్చిపోయి, ఇత్తడి బిళ్ల చిల్లుల్లోకి స్వయంగా చూశారు. రెండు సన్నటి కాళ్లు ఆయనకు చెయ్యి ఊపాయి.

"ఇదేమిటయ్యా?"

"పిడుదు సార్," అన్నాడు కోటిలింగం వినయంగా. "నిన్న డాక్టరు మేడం చెప్పింది ఇదే."

"తీసెయ్యి."

"శ్రవణిని విప్పకూడదు సార్. నిబంధన. కంపెనీకి ఫోను చేయాలి."

సర్వోత్తమరావు ఫోను చేశారు. అవతల పెళ్లిచూపుల గొంతు పలికింది. అది శ్రవణి అక్క.

"మీ బాధ చెప్పండి."

"మా శ్రవణి చెవిలో పిడుదు దూరింది."

"శ్రవణి చెవిలో పిడుగు. నమోదైంది. ధన్యవాదాలు."

"పిడుగు కాదమ్మా. పిడుదు."

"మరో పిడుగు. నమోదైంది."

ఆయన ఫోను కింద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టేలోగా గేటు దగ్గర జీపు ఆగింది. చక్రధరం దిగాడు. ట్రాలీలో ఎనిమిది బస్తాల ఉప్పు, ఎనిమిది బస్తాల బొగ్గు.

"నిన్న పరారైన రెండో పిడుగు ఇక్కడ దొరికిందన్నమాట," అన్నాడు సంతృప్తిగా.

"చక్రధరం గారూ, నా మాట వినండి. అది పిడుదు."

"ఆ మాట నేను వినలేదు సార్. శ్రవణి కూడా వినలేదు." చక్రధరం రాగి తీగను శ్రవణి మెడ చుట్టూ మూడు చుట్లు చుట్టించి, మిగిలిన కొస పట్టుకుని వచ్చాడు. "గొయ్యి నిన్నటిది ఉంది కాబట్టి సరిపోయింది. రెండో కొస మాత్రం, పిడుగు దిగేదాకా, ఒక బాధ్యతగల అధికారి చెవికి కట్టాలి. విలువైన యంత్రం కదా సార్, ఊరికే వదలలేం."

బయట రోడ్డు మీద బస్సు ఆగింది. జోజి రెండుసార్లు ఈల వేశాడు. పున్నారావు రెండు చెవులా విని, గేరు మార్చి, ఆవరణలో చెవికి తీగతో ఎండలో నిలబడ్డ పెద్దమనిషికి దారి పొడవునా హారను కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.